గాయపడ్డవారి లెక్క ఏది?

సింగరాయకొండ దగ్గర హైవే మీద అర్ధరాత్రి లారీ బోల్తా పడితే ముందు పరిగెత్తుకొచ్చేది పక్కనున్న టీకొట్టు వాళ్లు, వెనక వస్తున్న డ్రైవర్లు. క్యాబిన్‌లో ఇరుక్కున్నవాణ్ని బయటికి లాగుతారు. భుజం మీది తువ్వాలు చించి, నెత్తురు కారే చోట బిగించి కడతారు. ఒకరు 108కు ఫోన్ చేస్తుంటారు. తప్పెవరిది, ఏ ఊరివాడు, తాగి ఉన్నాడా అన్న మాటలన్నీ అంబులెన్సు ఒంగోలు దారి పట్టాకే. ఇదే పని శత్రువుకూ చేయాలంటాయి జెనీవా ఒప్పందాలు.

ఆ మాట ఈ ప్రాంతానికి దూరపు సంగతి కాదు. 2016 అక్టోబరు 24న ఒడిశాలోని మల్కన్‌గిరి జిల్లా రామగూడ అడవిలో జరిగిన ఎదురుకాల్పుల్లో సుమారు 30 మంది మావోయిస్టులు చనిపోయారు. వారిలో అగ్రనేత ఆర్కే కొడుకు ఒకడు. అతని అంత్యక్రియలు సింగరాయకొండ పక్కనే ఉన్న టంగుటూరు మండలం ఆలకూరపాడులో జరిగాయి. ఎదురుకాల్పుల రోజు గాయపడ్డ గ్రేహౌండ్స్ పోలీసు కమాండోలను విశాఖ ఆస్పత్రికి తరలించారు. వారిలో ఒకరు దక్కలేదు. ఆ కమాండో తల్లి కడుపుకోతా కోతే. కానీ అవతలి పక్షంలో అంతమంది పోయిన చోట, తూటా తగిలి పడిపోయి ప్రాణంతో దొరికినవాళ్లు ఎందరు? వారికి ఎవరు కట్టు కట్టారు? మృతుల సంఖ్య తెలిసినంత స్పష్టంగా ఈ లెక్క జనానికి తెలియలేదు.

తుపాకులు పేలిన చోట చచ్చినవాళ్లకంటే గాయపడేవాళ్లు ఎక్కువగా ఉండటం మామూలు. అందుకే ఒక పక్షంలో శవాలు మాత్రమే కనిపించినప్పుడు ఆ ప్రశ్న అడగక తప్పదు. అడిగినవాడు మావోయిస్టు సానుభూతిపరుడు అయిపోడు.

గాయపడ్డ శత్రువును కాపాడాలన్న నీతి మనకు పరాయి దేశం నేర్పింది కాదు. అంపశయ్య మీద ఒళ్లంతా బాణాలతో పడి ఉన్న భీష్ముడే శాంతిపర్వంలో ధర్మరాజుకు ఇది చెబుతాడు. ఆయుధం విరిగి, దెబ్బతిని పడిపోయిన శత్రువును చంపకూడదు. నీ రాజ్యంలోనే వైద్యం చేయించు, లేదా అతని ఇంటికి చేర్చు, గాయం మానాక వదిలిపెట్టు అంటాడు. ఆ పర్వాన్ని నెల్లూరి తిక్కన తెలుగు చేశాడు.

ఆ ధర్మం తప్పితే ఎలా ఉంటుందో పల్నాడు చూసింది. పుల్లరి పన్ను కట్టబోమని ఎదురు తిరిగిన కన్నెగంటి హనుమంతును 1922 ఫిబ్రవరిలో మించాలపాడులో పోలీసులు కాల్చారు. తూటాలతో పడిపోయి నీళ్లు నీళ్లు అని అలమటిస్తుంటే గొంతు తడపనివ్వలేదని అక్కడివాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. కాల్చడం ఒక నేరమైతే, ఆ నీళ్లు అడ్డుకోవడం అంతకంటే పెద్ద నేరమని నేననుకుంటాను.

ఐరోపా ఈ సంగతిని చట్టంగా రాసుకోవడానికి 1859 నాటి సోల్ఫెరినో యుద్ధం కారణమైంది. వేలమంది క్షతగాత్రులు దిక్కులేకుండా పడి ఉండటం హెన్రీ డ్యూనాంట్ అనే వ్యాపారి కళ్లారా చూశాడు. దగ్గర ఊరి ఆడవాళ్లు ఏ సైన్యం వాడని చూడకుండా సేవ చేశారు. ఆయన పట్టుదలతో రెడ్‌క్రాస్ పుట్టింది, 1864లో మొదటి జెనీవా ఒప్పందం వచ్చింది. 1949 నాటి నాలుగు ఒప్పందాలకూ ఉమ్మడిగా ఉన్న మూడో అధికరణం ఒక దేశం లోపల జరిగే సాయుధ పోరాటాలకూ వర్తిస్తుంది. గాయపడ్డవారిని వెతికి తెచ్చి వైద్యం చేయాలన్నది అందులోని ఆజ్ఞ. ఆ ఒప్పందాల కోసం మన పార్లమెంటు 1960లో చట్టం కూడా చేసింది.

మావోయిస్టులతో జరుగుతున్నది యుద్ధం కాదు, శాంతిభద్రతల సమస్య అంటుంది ప్రభుత్వం. సరే, అలాగే అనుకుందాం. అప్పుడు పోలీసుల మీద బాధ్యత తగ్గదు, పెరుగుతుంది. ఎందుకంటే అవతల ఉన్నది శత్రుసైనికుడు కాదు, రాజ్యాంగం 21వ అధికరణం కింద ప్రాణహక్కు ఉన్న పౌరుడు. గాయపడి వచ్చినవారికి పోలీసు కాగితాల కోసం ఆగకుండా వైద్యం చేయాలని సుప్రీంకోర్టు 1989లోనే పరమానంద్ కటారా కేసులో చెప్పింది. 2014 సెప్టెంబరులో ఎదురుకాల్పుల మీద ఇచ్చిన 16 మార్గదర్శకాల్లో ఒకటి సూటిగా ఉంది. గాయపడ్డ వ్యక్తికి చికిత్స అందించాలి, మేజిస్ట్రేటు గానీ వైద్యాధికారి గానీ వాంగ్మూలం తీసుకోవాలి.

ఈ కట్టుబాటు మావోయిస్టులకూ ఉంది. 2008 జూన్ 29న బలిమెల జలాశయంలో గ్రేహౌండ్స్ వెళ్తున్న లాంచీ మీద వాళ్లు గుట్టల పైనుంచి కాల్పులు జరిపారు. 38 మంది చనిపోయారు. వారిలో నీట మునిగి పోయినవారూ ఉన్నారు. నీళ్లలో ప్రాణాల కోసం కొట్టుకుంటున్నవాడు యుద్ధం చేయలేడు, అతణ్ని కాపాడాలన్నది కూడా జెనీవా మాటే. మూడో అధికరణం ప్రభుత్వాన్ని ఒక్కదాన్నే కాదు, పోరాడే ప్రతి పక్షాన్నీ కట్టేస్తుంది.

చేయాలనుకుంటే కష్టమేమీ కాదు. ఎదురుకాల్పుల్లో గాయపడ్డ మావోయిస్టుకు 2019లో ఝార్ఖండ్‌లో ఒక సీఆర్పీఎఫ్ జవాను రక్తమిచ్చాడు. అలాంటి వార్త అరుదుగా కాక మామూలుగా రావాలి.

పోలీసు అధికారులకు ఒకటే విన్నపం. ఇకపై ఎదురుకాల్పుల గురించి ఇచ్చే ప్రతి ప్రకటనలో మృతుల సంఖ్య కిందే మరో వరుస రాయండి. అవతలి పక్షంలో ఎందరు గాయాలతో దొరికారు, ఏ ఆస్పత్రిలో ఉన్నారు, వాంగ్మూలం ఎవరు తీసుకున్నారు. ఎవరూ దొరకకపోతే ఎందుకు దొరకలేదో చెప్పండి.