యాప్‌లు నేర్వవలసిన మఱపు

బ్యాంకు యాప్‌లో పాస్‌వర్డ్ టైపు చేయునప్పుడు తెరపై నల్లని చుక్కలు మాత్రమే కనబడుటచేత మన రహస్యము భద్రముగా నున్నదని తలంతుము. కాని యా చుక్కల వెనుక, ఫోను ర్యామ్‌లో, మనము నొక్కిన ప్రతి యక్షరమును ఎట్టి మఱుగును లేక ఉన్నదున్నట్లు నిలిచియుండును. దానిని గుప్తీకరించి సర్వరునకు పంపవలసిన ప్రోగ్రామునకు మొదట మూలరూపమే చేతికందవలయును గదా! ఇంతవఱకు అనివార్యము. లాగిన్ ముగిసి, పాస్‌వర్డుతో పని తీరిన పిమ్మట గూడ యాప్ తెఱచియున్నంతసేపు అది యచ్చటనే పడియుండుట మాత్రము క్షమింపరాని యశ్రద్ధ.

ఆండ్రాయిడ్ యాప్‌లు అధికభాగము జావా, కోట్లిన్ భాషలలో వ్రాయబడుచున్నవి. ఆ భాషలలో స్ట్రింగ్ అనబడునది ఒకమాఱు ఏర్పడిన వెనుక మార్పనలవి కాదు. మార్చినట్లు తోచినప్పుడు క్రొత్తది పుట్టునే గాని పాతది చెఱగదు. పాస్‌వర్డును స్ట్రింగులో నుంచుట శిలపై చెక్కుట వంటిదైతే, అక్షరముల అర్రేలో నుంచుట పలకపై వ్రాయుట వంటిది; పని కాగానే సున్నలతో తుడిచివేయవచ్చును. నిరుపయోగములైన వస్తువుల నేరివేయు గార్బేజ్ కలెక్టర్ కలదు గదా యని కొందఱందురు. అది యెప్పుడు వచ్చునో ప్రోగ్రామరు నిశ్చయింపజాలడు; వచ్చినను ఆ స్థలము ఖాళీయైనదని గుర్తించుటయే దాని పని గాని, అందలి యక్షరములను తుడిచి తీరవలయునను నియమము లేదు; పైగా వస్తువులను ఒకచోటనుండి మఱియొకచోటికి జరుపునప్పుడు పాతచోట నొక ప్రతి మిగిలిపోవచ్చును.

సీ భాషలో వ్రాయువారికి మఱియొక చిక్కు గలదు. ప్రోగ్రామరు శ్రద్ధగా తుడిచివేత యాజ్ఞను వ్రాసినను, ఆ స్థలమును తరువాత నెవరును చదువుటలేదని గమనించిన కంపైలరు, వేగముకొఱకు ఆ యాజ్ఞనే తొలగింపవచ్చును. అందుచేతనే తొలగింపరాని తుడిచివేత ఫంక్షన్లను ప్రత్యేకముగా సృష్టింపవలసివచ్చినది.

ఒక యాప్ జ్ఞాపకమును, అనగా ర్యామ్‌లోని దాని భాగమును, మఱియొక యాప్ చూడకుండ ఆండ్రాయిడ్, ఐఓఎస్‌లు రెండును గోడలు కట్టినవి. అవి సామాన్యమైన గోడలు కావు. అయినను ఫోనును రూట్ చేసి, అనగా వ్యవస్థపై సర్వాధికారమును చేజిక్కించుకొన్నప్పుడును, వ్యవస్థలోని లోపమును పట్టుకొని మాల్వేర్ లోతునకు చొరబడినప్పుడును, ఆ గోడలు నిలువవు. 2014 ఏప్రిల్‌లో బయటపడిన హార్ట్‌బ్లీడ్ దోషమునకు గోడ దాటవలసిన పనియే లేకపోయెను: ఓపెన్ ఎస్ఎస్ఎల్ అను గుప్తీకరణ సాఫ్ట్‌వేర్‌లోని యొక చిన్న పొరపాటువలన, అవతలివాడడిగినంతనే, ఒక్కొక్క పర్యాయమునకు 64 కిలోబైట్ల వఱకు జ్ఞాపకము దానంతటదే బయటికి పోయెను. సర్వర్లే గాక ఆండ్రాయిడ్ 4.1.1 ఫోన్లును దానికి లోబడినవే. జ్ఞాపకములో రహస్యములు మిగిలియుండకపోయినచో ఆ దొంగతనమున దొరకునది చాల స్వల్పమై యుండెడిది.

విద్యుత్తు ఆగినంతనే ర్యామ్ శూన్యమగునని నమ్ముటయు సరికాదు. చల్లబఱచిన ర్యామ్ తన విషయమును కొంతసేపు నిలుపుకొనునని 2008లో ప్రిన్స్‌టన్ పరిశోధకులు కంప్యూటర్లపై చూపిరి. 2013లో జర్మనీలోని ఎర్లాంగెన్ విశ్వవిద్యాలయమువారు ఒక గెలాక్సీ నెక్సస్ ఫోనును ఫ్రీజరులో నుంచి, చల్లబడిన పిమ్మట బ్యాటరీని క్షణకాలము తీసి మరల పెట్టి, తమ సాఫ్ట్‌వేర్‌తో దానిని లేపి, ర్యామ్‌లో మిగిలిన చిత్రములను, కాంటాక్టులను, గుప్తీకరణపు తాళములను సైతము వెలికితీసిరి.

ఇక కర్తవ్యము స్పష్టము. తాళములు యాప్ జ్ఞాపకమునకు రాకయే పనిచేయునట్లు ఆపిల్ సెక్యూర్ ఎన్‌క్లేవ్, ఆండ్రాయిడ్ కీస్టోర్ వంటి సాధనములు కలవు, వానిని వాడవలయును. పాస్‌వర్డును మాటిమాటికి పంపుటకు మాఱుగా స్వల్పకాలము మాత్రమే చెల్లు గుర్తింపు టోకెనుతో పని జరుపవలయును. మనవంటి వాడుకరులు ఫోనును రూట్ చేయక, అప్‌డేట్లను వాయిదా వేయక యుండిన చాలును; ఇంతకు మించిన భారమును వారిపై మోపుట న్యాయము కాదు. యాప్ నిర్మించువారే విడుదలకు ముందు ఒక పరీక్షను తప్పక జరుపవలయును: కల్పిత పాస్‌వర్డుతో లాగిన్ చేసి, లాగౌట్ చేసి, ఫ్రిడా వంటి సాధనముతో యాప్ జ్ఞాపకమునంతయు ఫైలుగా దింపి, అందా పాస్‌వర్డును వెదకవలయును. అది కనబడినచో ఆ యాప్ ఇంకను ప్రజల చేతికి ఈయదగినది కాదు.