చెప్పుకోగలిగింది 12 శాతమే

అమెరికాలో ప్యూ రీసెర్చ్ సెంటర్ 2013లో 1,197 మంది ఎల్‌జీబీటీ వయోజనులను అడిగింది: మీ జీవితంలో ముఖ్యమైనవాళ్లలో ఎంతమందికి మీ సంగతి తెలుసు? అందరికీ, లేదా చాలామందికి తెలుసన్నవాళ్లు గే పురుషుల్లో 77 శాతం, లెస్బియన్లలో 71 శాతం. ఆడా మగా ఇద్దరి మీదా ఆకర్షణ కలిగే బైసెక్సువల్ స్త్రీలలో 33 శాతం. బైసెక్సువల్ పురుషుల్లో 12 శాతమే. మిగతా 88 శాతం మందీ ఏ కొందరికో చెప్పుకున్నారు, లేదా ఎవరికీ చెప్పుకోలేదు.

దీన్ని పిరికితనమని కొట్టిపారేస్తే అన్యాయం. వాళ్ల గురించి లోకం ఏమనుకుంటోందో కూడా లెక్కల్లోనే ఉంది. మనస్తత్వవేత్త గ్రెగరీ హెరెక్ 1999 నాటి ఫోన్ సర్వేను పరిశీలించారు. 1,335 మంది స్త్రీపురుషులకు ఒక్కో వర్గం పేరు చెప్పి, ఆ వర్గం మీద మీ అభిమానానికి 0 నుంచి 100 దాకా మార్కులు వేయమన్నారు. మతాలు, జాతులు, రాజకీయ వర్గాలు అన్నీ వచ్చాయి. బైసెక్సువల్‌ల కన్నా తక్కువ మార్కులు పడింది ఒక్క వర్గానికే: మత్తుమందులు సూదితో ఎక్కించుకునేవాళ్లకు. 2016లో 3,221 మందితో వచ్చిన అధ్యయనంలోనూ బైసెక్సువల్ స్త్రీల కన్నా పురుషుల మీదే చిన్నచూపు ఎక్కువ.

మగవాడి మీదే ఎందుకింత? సామాజికవేత్తలు మైజ్, మనాగో 2018లో చూపించిందేమిటంటే, ఒక మగవాడు ఒక్కసారి మరో మగవాడితో గడిపాడని తెలిస్తే చాలు, అతను ‘మామూలు మగాడే’నా అని జనం సందేహిస్తారు. అదే పని స్త్రీ చేస్తే అంత సందేహించరు. మగతనాన్ని అంత తేలిగ్గా లాగేసుకునే చోట నోరు విప్పడానికి ఎంత గుండెధైర్యం కావాలి!

విజ్ఞానశాస్త్రం కూడా కొంతకాలం వాళ్లను అనుమానించింది. 2005లో 101 మంది పురుషుల శరీర స్పందనలను కొలిచిన ఓ పరిశోధన, మగవాళ్లలో ఇలాంటి ఆకర్షణ నిజంగా ఉందా అని సందేహపడింది. ‘అబద్ధమాడుతున్నారా’ అనే అర్థం వచ్చేలా న్యూయార్క్ టైమ్స్ శీర్షిక పెట్టింది. 2020లో ఎనిమిది అధ్యయనాల సమాచారాన్ని, అంటే 474 మందికి పైగా పురుషుల వివరాలను కలిపి చూస్తే, ఉన్న మాటేనని తేలింది. 2005 పరిశోధకుల్లో ఒకరైన మైకేల్ బెయిలీ పేరు ఈ రెండో పత్రంలోనూ ఉంది. ఈలోగా పదిహేనేళ్లు గడిచిపోయాయి. ఆ పదిహేనేళ్లూ అబద్ధాలకోరులన్న నింద మోసింది ఆ మగవాళ్లే.

పైకి చూస్తే వాళ్లు కనబడరు కూడా. ప్యూ సర్వేలో తోడున్న బైసెక్సువల్‌లలో 84 శాతం మందిది ఆడా మగా జంటే. ఇరుగుపొరుగుకు వాళ్లు అందరిలాంటి జంటే కాబట్టి ఎవరూ అడగరు. వాళ్లంతట వాళ్లు చెబితే, ఉన్న కాపురం మీదే అనుమానం మొదలవుతుంది.

గ్యాలప్ 2023 లెక్కల ప్రకారం 1997 నుంచి పుట్టిన అమెరికా వయోజనుల్లో బైసెక్సువల్ అని చెప్పుకున్న స్త్రీలు 20.7 శాతం, పురుషులు 6.9 శాతం. ఈ మూడింతల తేడా అంతా పుట్టుకతో వచ్చిందంటే నేను నమ్మను. ఇందులో చాలా భాగం, చెబితే ఏమవుతుందో తెలిసి నోరు మెదపని మగవాళ్లదే.