కథలో ప్రతీక: కొన్ని అపోహలు, కొన్ని వాస్తవములు

అపోహ: ప్రతీక యనగా అర్థము ముందే స్థిరపడిన వస్తువు, పావురము కనబడెనా శాంతి, దీపము వెలిగెనా జ్ఞానము.

వాస్తవము: కథాప్రియులు కూడినచోట వినబడు ఈ మాటకు సమాధానము బళ్లారి నాటకరంగముననే దొరకును. సరసవినోదినీ సభను నెలకొల్పిన ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు (1853–1912) 'విషాద సారంగధర'మునకు గ్రహించిన పురాతనగాథలో, రాజకుమారుని పావురము ఎగిరిపోయి సవతితల్లి చిత్రాంగి మేడపై వ్రాలును. మిత్రుడు వారించినను దానికై లోనికి పోయిన సారంగధరునియందు, తన మనస్సున కల్మషము లేదు గనుక లోకమునను ఉండదనుకొను పసితనము వెల్లడియగును. ఆ పక్షియే చిత్రాంగికి, లోలోపల రగులుచున్న కోరిక తీర్చుకొనుటకు దైవమిచ్చిన అవకాశమై తోచును. ఇందులో శాంతి యెక్కడిది? వారి శీలము పక్షియందు లేదు; దానియెడ వారు ప్రవర్తించిన తీరునందున్నది.

అపోహ: కావ్యనాటకములకు చెల్లిన ఈ విద్య చిన్నకథలో ఇమడదు, ఇమిడినను ఏదో వింతవస్తువును తెచ్చి నిలుపవలెను.

వాస్తవము: 1910లో వెలువడిన గురజాడ అప్పారావుగారి 'దిద్దుబాటు'లో ఆ పని చేయునది వట్టి తలుపు. అర్ధరాత్రి దాటిన పిమ్మట సానిపాట విని వచ్చి, భార్య కమలిని మేలుకొనకుండ పడక చేరవలెనని తలుపు తట్టబోయిన గోపాలరావు, చేయి తగులగనే అది తెరచుకొనుటతో తెల్లబోవును. గడియ వేసియున్నచో ఏదో బొంకి తప్పించుకొని యుండును, బొంకు మగవానికి సులభము గదా. తెరచుకొన్న తలుపు ఆ బొంకునకు గూడ తావీయక, అతని అధికారమెంత డొల్లదో అతనికే చూపినది. కమలిని యెట్టి తెలివిగలదో వేరుగ వర్ణింపవలసిన శ్రమయు రచయితకు తప్పినది.

చాగంటి సోమయాజులుగారి 'వాయులీనం'లోని వాద్యమును సంగీతమునకు ప్రతీక యని చెప్పి పుస్తకము మూయువారు ఆ కథను సగమే చదివినవారు. భార్య ప్రాణము నిలుపుటకై ఆమెకు ప్రాణప్రదమైన దానినే అమ్మివేసిన భర్తను దుర్మార్గుడనలేము, నిర్దోషియనియు అనలేము. ఈ రెంటి నడుమ అతడు నలుగుటను పాఠకుడు కనుగొనునది ఆ అమ్మకమునందే.

అపోహ: ప్రతీకలెన్ని యున్న కథ అంత గంభీరము.

వాస్తవము: మబ్బు, మల్లెమొగ్గ, పగిలిన అద్దము ఒక్క పుటలోనే క్రిక్కిరిసిన కథలు పత్రికలలో కొల్లలు. వాటిలో పాత్రకు నిలుచుటకు చోటుండదు.