బీజాల దగ్గర గడ్డ తగిలిందా? సిగ్గుపడకండి, స్కానింగ్ చేయించుకోండి
(జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల లబ్ధిదారుల కోసం)

స్నానం చేసేటప్పుడు బఠాణీ గింజంత గడ్డ చేతికి తగిలితే చాలామంది ఇంట్లో కూడా చెప్పరు. మగ్గం పని ఆగుతుందనో, గల్ఫ్ ప్రయాణం ఆగుతుందనో దాచిపెడతారు. అట్లా చేయకండి. ఇలాంటి గడ్డలు చాలావరకు ప్రమాదం లేనివే. కానీ ఏది ఏ గడ్డో చేత్తో తడిమి తేల్చలేం. స్కానింగ్ తేలుస్తుంది.

స్కానింగ్‌లో ఏం కనిపిస్తుంది?

1. నీటి తిత్తి: బీజానికి పైన లేదా వెనక, విడిగా ఉంటుంది. తెరపై లోపలంతా నల్లగా, అంచు పలుచగా కనిపిస్తుంది. ఇది క్యాన్సర్ కాదు. నొప్పి, ఇబ్బంది లేకుంటే ఆపరేషన్ అక్కర్లేదు.

2. బుడ్డ (వరిబీజం): బీజం చుట్టూ నీరు చేరుతుంది. దోమలతో వచ్చే ఫైలేరియా ఒక కారణం. బాగా పెరిగితే ఆపరేషన్‌తో తగ్గుతుంది.

3. బీజం లోపలే గట్టి గడ్డ: నొప్పి లేకున్నా దీన్ని వదిలేయొద్దు. డాక్టర్ రక్తపరీక్షలు రాస్తారు. క్యాన్సర్ అయినా తొందరగా దొరికితే చాలామందికి నయమవుతుంది.

ఈ పరీక్షలో సూది లేదు, కోత లేదు, ఎక్స్‌రే కిరణాలు లేవు. చర్మంపై జెల్ రాసి చూస్తారు.

ఎక్కడికి పోవాలి?

• ముందుగా మీ పీహెచ్‌సీ లేదా దగ్గరలోని ప్రభుత్వ దవాఖానలో చూపించుకోండి. మగ డాక్టర్ కావాలంటే అడగొచ్చు.
• స్కానింగ్ చీటీ రాయించుకుని, ఏ దవాఖానలో, ఏ రోజు తీస్తారో అక్కడే కనుక్కోండి. డాక్టర్ రాసిన రక్తపరీక్షలకు జగిత్యాల, సిరిసిల్లలో 2021లో మొదలైన తెలంగాణ డయాగ్నస్టిక్ కేంద్రాలు ఉన్నాయి. అక్కడ పరీక్షలు ఉచితం.
• ఆపరేషన్ కావాలంటే ఆ చికిత్స ఆరోగ్యశ్రీలో ఉందో లేదో ఆరోగ్యమిత్రను ముందే అడగండి. ఈ పథకంలో కుటుంబానికి ఏడాదికి రూ.10 లక్షల వరకు పరిమితి ఉంది. సందేహాలుంటే 104కు ఫోన్ చేయండి.

ఇవి మరువకండి

• ఉన్నట్టుండి బీజంలో విపరీతమైన నొప్పి వస్తే, ముఖ్యంగా పిల్లలకు, యువకులకు, అది బీజం మెలిపడటం కావచ్చు. 6 గంటలు దాటితే బీజం దక్కడం కష్టం. రేపు చూద్దామని ఆగకండి, వెంటనే 108కు ఫోన్ చేయండి.
• ఊళ్లో ఎవరితోనూ సూదితో నీరు తీయించుకోకండి. నీరు మళ్లీ చేరుతుంది, చీము పట్టొచ్చు.
• స్కానింగ్ రిపోర్టు దాచుకోండి. గల్ఫ్ పోయేవాళ్లు ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. తర్వాత చూసే డాక్టర్‌కు గడ్డ పెరిగిందో లేదో అదే చెబుతుంది.