పెద్ద లేని సభలో వంతులు

పిల్లలూ, ఇంట్లో వైఫై ఉందనుకోండి. అమ్మ ఫోను, నాన్న లాప్‌టాప్, హాల్లో టీవీ, అన్నీ ఒకే రేడియో దారి మీద మాట్లాడుకోవాలి. రెండు ఒకేసారి నోరు విప్పాయంటే రెండింటి మాటా పాడైపోతుంది. మరి నీ వంతు ఇప్పుడు, నీ వంతు తర్వాత అని చెప్పేదెవరు? మామూలుగా ఎవరూ చెప్పరు. వాటిలో అవే తేల్చుకుంటాయి. నాకు ఎంతో ఇష్టమైన కథ ఇది.

హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్సన్ అనే ప్రొఫెసర్ ఉండేవారు. పెద్ద కంప్యూటరేమో హొనొలులూలో, కాలేజీలేమో వేర్వేరు దీవుల్లో. టెలిఫోన్ తీగలకు ఖర్చెక్కువ, మాట సరిగా అందదు. అందుకని ఆయన బృందం రేడియోను ఎంచుకుంది. 1971లో ‘ఆలోహా’ వల (నెట్‌వర్క్) పని మొదలుపెట్టింది. సమాచారాన్ని పంపే ఒక్కో మూటలో, అంటే ప్యాకెట్‌లో, 704 బిట్లు. సెకనుకు 9600 బిట్ల చొప్పున వెళ్లేవి. కాలేజీలన్నీ ఒకే ఫ్రీక్వెన్సీ మీద పంపేవి, కేంద్రం మరో ఫ్రీక్వెన్సీ మీద జవాబిచ్చేది.

నియమం చాలా చిన్నది. పంపాల్సింది ఉంటే పంపెయ్. అందిందని జవాబు రాకపోతే, ఢీకొట్టుకుందని అనుకుని కొంచెం ఆగి మళ్లీ పంపు.

ఆ ‘కొంచెం’లోనే ఉంది కిటుకంతా. అమెరికాలో ఉన్న అత్తయ్యతో ఫోన్లో మాట్లాడేటప్పుడు చూడండి: ఇద్దరూ ఒకేసారి మొదలుపెడతారు, ఇద్దరూ ఆగుతారు, సరిగ్గా అంతసేపే ఆగి మళ్లీ ఒకేసారి మొదలుపెడతారు. యంత్రాలూ అలా సమానంగా ఆగితే ఎప్పటికీ తెగదు. అందుకే ఎంతసేపు ఆగాలో ప్రతి యంత్రమూ దానికది యాదృచ్ఛికంగా ఎంచుకుంటుంది.

ఇందులో నష్టం లేకపోలేదు. ఎవరికి తోచినప్పుడు వాళ్లు పంపితే, ఎంత బాగా నడిచినా దారిలో 18 శాతం మాత్రమే ఉపయోగపడుతుందని లెక్క తేలింది. కాలాన్ని సమాన ముక్కలుగా కోసి, ముక్క మొదట్లోనే పంపాలని 1972లో లారీ రాబర్ట్స్ అనే శాస్త్రవేత్త సూచించారు. ఒక ప్యాకెట్ తోక ఇంకోదాని తలకు తగిలే బాధ పోయింది. ఫలం రెట్టింపై 37 శాతానికి చేరువైంది.

ఆలోహా గురించి అబ్రామ్సన్ రాసిన వ్యాసం చదివిన యువకుడు రాబర్ట్ మెట్‌కాఫ్ 1973లో జిరాక్స్ పరిశోధనశాలలో, కంప్యూటర్లను తీగతో కలిపే ఈథర్‌నెట్‌ను ప్రతిపాదించి, డేవిడ్ బాగ్స్‌తో కలిసి కట్టి చూపించాడు. ఇక్కడ యంత్రం ముందు చెవి ఒగ్గి వింటుంది. తీగ ఖాళీగా ఉంటేనే పంపుతుంది. పంపుతూ కూడా వింటుంది. ఢీకొంటే వెంటనే ఆపేస్తుంది. తర్వాత ప్రమాణంగా స్థిరపడిన పద్ధతిలో, మొదటిసారి ఢీకొంటే 0, 1లలో ఒక అంకె ఎంచుకుని అన్ని కాలపు ముక్కలు ఆగుతుంది. రెండోసారి 0 నుంచి 3 వరకు, మూడోసారి 7 వరకు, అలా 1023 దాకా. 16 సార్లు విఫలమైతే ఆ ప్యాకెట్‌ను వదిలేస్తుంది.

ఇద్దరే పోటీ పడుతుంటే మళ్లీ ఒకే అంకె పడే అవకాశం మొదట సగం, తర్వాత పావు, ఆపైన ఎనిమిదో వంతు. మూడుసార్లూ వరసగా తగులుకోవడం 64లో ఒక్కసారే! పదిమంది ఉంటే ఇంకొన్ని దెబ్బలు పడతాయి, ఆ దెబ్బలే వాళ్లను దూరదూరంగా జరుపుతాయి. గుంపులో ఎందరున్నారో ఏ యంత్రానికీ తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. తనకు తగిలిన దెబ్బలను బట్టే రద్దీ ఎంతో పసిగట్టి, తనే వెనక్కి తగ్గుతుంది. ఇంత వినయమైన లెక్క ఇంజనీరింగులో మరొకటి నేను చూడలేదు.

ఇప్పటి ఈథర్‌నెట్ తీగలకు నడుమ స్విచ్‌లు వచ్చాక ఢీకొనడం దాదాపు లేదు. వైఫైలో మాత్రం ఈ కొట్లాట ఇంకా ఉంది. రేడియో తాను అరుస్తూ పక్కవాడి మాట వినలేదు కదా, అందుకని ముందుగానే యాదృచ్ఛికంగా ఆగి పంపుతుంది. జవాబు రాకపోతే ఆగే హద్దును రెట్టింపు చేస్తుంది.

మెట్‌కాఫ్‌కు కంప్యూటర్ రంగంలో ఇచ్చే ట్యూరింగ్ పురస్కారం 2022 సంవత్సరానికి దక్కింది. అబ్రామ్సన్ 2020లో కన్నుమూశారు. ఆ ఆలోచన మాత్రం నిలిచే ఉంది: మీరు ఫోను ఆన్ చేయగానే అది టవర్‌ను పిలిచే మొదటి పిలుపు, 4జీలోనూ, కాలపు ముక్కల ఆలోహా పద్ధతి మీదే నడుస్తోంది.