పాత అంబాసిడర్: రంగు కాదు, అడుగు చూడాలి

రైల్వే వర్క్‌షాపును నమ్ముకుని తెలుగు కుటుంబాలు తరతరాలుగా స్థిరపడ్డ ఖరగ్‌పూర్‌లో ఇనుము మరమ్మతు కొత్త విద్య కాదు. కానీ పాత అంబాసిడర్ కొనేవారికి పనితనం కన్నా ముందుచూపే అవసరం. ఇదే రాష్ట్రంలోని ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ 2014 దాకా తయారు చేసిన ఈ కారుకు లారీలా విడి చట్రం ఉండదు. బరువంతా బాడీదే. తలుపుల కింది అంచులు, నేల రేకులు తుప్పు తింటే మరమ్మతు ఖర్చు కారు ధరనే మించిపోవచ్చు.

అసలు చిక్కు ఇంజన్‌తో. 2021 కేంద్ర నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన కారుకు వింటేజ్ రిజిస్ట్రేషన్ కావాలంటే బాడీ, ఇంజన్‌లలో పెద్ద మార్పులు ఉండకూడదు. పెట్రోల్ ఇంజన్ తీసి డీజిల్‌ది బిగించిన బండి బాగానే నడవొచ్చు, ఆ గుర్తింపు మాత్రం దక్కకపోవచ్చు. అందుకే బేరానికి ముందే ఇంజన్ నంబరును ఆర్సీతో సరిచూసుకోవాలి.