గుడిదారిలో పొరుగువాడు

ఆదివారం తెల్లవారుతూనే నిజాంపేటలో గుడిగంటలు మ్రోగుతాయి. అపార్ట్‌మెంట్ల గుమ్మాల ముందు ముగ్గులు వెలుస్తాయి. తలస్నానాలు చేసి, కొబ్బరికాయ, పూలు చేతబట్టుకొని కుటుంబాలు ఆలయానికి బయలుదేరుతాయి. వారమంతా కంప్యూటర్ల ముందు గడిపేవారికి స్వామి సన్నిధిలో నిలిచే ఆ కొద్దిసేపు ఎంతో విలువైనది.

అదే దారిలో, ఇంకా తెరవని దుకాణం అరుగుమీద, చిరిగిన దుప్పటి ముసుగుతన్ని ఒక మనిషి పడుకొని ఉంటాడు. మనం పిల్లల చేయి పట్టుకొని కాస్త ప్రక్కకు తొలగి నడుస్తాము. అందులో ద్వేషమేమీ లేదు. మడి పోతుందన్న సంకోచం, హారతి వేళ మించుతుందన్న తొందర, కొంత భయం. తిరిగి వచ్చేటప్పుడు ప్రసాదం దొన్నె అతని ప్రక్కన ఉంచి, తృప్తిగా ఇల్లు చేరుకుంటాము. అక్కడితో మన ధర్మం తీరినట్లేనా? సుమారు రెండువేల సంవత్సరాల క్రిందట ఏసుక్రీస్తు చెప్పిన ఒక చిన్న కథ ఈ ప్రశ్ననే మన ముందు నిలుపుతున్నది.

ముగ్గురు బాటసారులు

లూకా సువార్త పదవ అధ్యాయంలో ఈ కథ ఉన్నది. పొరుగువానిని ప్రేమించాలన్న ఆజ్ఞ తెలిసిన శాస్త్రపండితుడొకడు, ఇంతకూ ఆ పొరుగువాడెవరో చెప్పమని అడిగాడు. ఏసు నిర్వచనం చెప్పలేదు, కథ చెప్పాడు. యెరూషలేము నుండి యెరికోకు పోతున్న ఒక ప్రయాణికుని దొంగలు దోచుకొని, కొనప్రాణంతో విడిచిపోయారు. ఆ దారిన వచ్చిన యాజకుడు చూచి, అవతలి ప్రక్కగా వెళ్ళిపోయాడు. ఆలయసేవ చేసే వంశానికి చెందిన లేవీయుడు కూడా అలాగే చేశాడు. చనిపోయినవాడేమో, తాకితే మైల అని వారు వెనుదీసి ఉంటారని కొందరు వ్యాఖ్యాతలు చెబుతారు.

మూడవవాడు సమరయుడు. యూదులకూ సమరయులకూ తరతరాలుగా పడదు. అయినా అతని హృదయం కరిగింది. గాయాలమీద నూనె, ద్రాక్షరసం పోసి కట్టు కట్టాడు. తాను దిగి, తన వాహనంమీద అతనిని ఎక్కించాడు. పూటకూళ్ళ ఇంటికి చేర్చి, ఆ రాత్రి దగ్గరుండి చూచుకున్నాడు. మరునాడు రెండు దేనారాలు, అంటే ఆనాటి కూలివానికి రెండు రోజుల వేతనం, ఆ ఇంటివానికి ఇచ్చి, ఇంకేమైనా ఖర్చయితే తాను తిరిగి వచ్చినప్పుడు తీరుస్తానని మాట ఇచ్చాడు.

కథ ముగించి, ఈ ముగ్గురిలో ఎవడు పొరుగువాడయ్యాడని ఏసు ఆ పండితునే అడిగాడు. ప్రశ్న దిశ మారిపోయింది. నా పొరుగువాడెవడని లెక్కలు వేసుకోవడం కాదు, ఎదుటివానికి నేను పొరుగువాడనవుతున్నానా అన్నదే అసలు ప్రశ్న.

ఈ కథలో మనం తరచుగా దాటిపోయే రత్నం ఆ చివరి మాటలో ఉన్నది. గాయం కట్టడం దయ. తిరిగి వస్తాననడం బాంధవ్యం.

కాళీమాత గుడి చెంత

ఆ కథ మన దేశంలో ఒక అమ్మవారి గుడి చెంతనే ఆచరణగా మారింది. 1952లో కలకత్తా నగరపాలక సంస్థ కాళీఘాట్ ఆలయం ప్రక్కనున్న యాత్రికుల విశ్రాంతి గృహాన్ని మదర్ థెరిసాకు అప్పగించింది. వీధుల్లో దిక్కులేక ప్రాణం విడుస్తున్నవారికోసం ఆమె అక్కడ నిర్మల్ హృదయ్ నెలకొల్పారు. పరమతస్థుల ప్రవేశాన్ని శంకించి స్థానికులు కొందరు మొదట అభ్యంతరం తెలిపారు. అక్కడి వైద్యం చాలదన్న విమర్శలు కూడా తర్వాతి కాలంలో వచ్చాయి. అయినప్పటికీ, కాలువ ప్రక్కన ఒంటరిగా పోవలసిన మనిషికి చివరి గడియలో ఒక మంచం, ఒక చేయి దొరికాయి. మరణించేవారికి వారి వారి మతాచారం ప్రకారమే కడపటి సంస్కారం జరగాలన్నది ఆ గృహపు నియమం. హిందువు నోట గంగాజలం పోసేవారు.

వెనుదిరిగిన యాత్ర

ఈ కరుణ మన ఇంటికి కొత్తదా? గృహస్థుడు నిత్యం చేయవలసిన పంచమహాయజ్ఞాలలో మనుష్యయజ్ఞం ఒకటి. ఆకలిగొని గుమ్మానికి వచ్చినవానిని ఆదరించడం పూజకు అదనం కాదు, పూజలో భాగమే. నలభై ఎనిమిది దినాలు అన్నపానీయాలు లేక, చివరకు లభించిన ఆహారాన్నీ నీటినీ కూడా అడిగినవారికి ఇచ్చివేసిన రంతిదేవుని కథ భాగవతం నవమ స్కంధంలో మనం విన్నదే.

మన కోనసీమలోనే డొక్కా సీతమ్మగారు ఉన్నారు. 1841లో జన్మించి 1909లో పరమపదించిన ఆ మహాతల్లి, లంకల గన్నవరంలో వేళ చూడక, కులం అడగక అన్నం పెట్టారు. ఒకసారి అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి పల్లకిలో వెళుతుండగా, దారిన పోయే పెళ్ళివారు, గన్నవరం చేరితే సీతమ్మగారింట అన్నం దొరుకుతుందని పిల్లలను ఓదార్చడం ఆమె చెవిన పడిందట. వెంటనే పల్లకి వెనుకకు త్రిప్పించి, వారికంటె ముందే ఇల్లు చేరి వంటకు పూనుకున్నారని పెద్దలు చెబుతారు. యెరికో దారిలో ఇద్దరు దేవుని పేరిట బ్రతికేవారు ఆగకుండా సాగిపోయారు. అంతర్వేది దారిలో ఒక భక్తురాలు దేవుని కోసమే వెనుదిరిగింది.

మన వీధిలో

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో ఇల్లులేనివారు సుమారు 17.7 లక్షలు. వారిలో సగానికి పైగా పట్టణవాసులే. వీరందరూ యాచకులు కారు. రోజుకూలీలు, చెత్త ఏరుకొనేవారు, కన్నబిడ్డలు విడిచిన వృద్ధులు, మతి చలించి ఇల్లు మరచినవారు ఎందరో. ఒకనాటి పల్లె నిజాంపేట 2019లో నగరపాలక సంస్థ అయ్యేంతగా పెరిగింది. మన అంతస్తులకు ఇటుకలు మోసినవారు ఎక్కడెక్కడినుండో పొట్ట చేతబట్టుకొని వచ్చిన కూలీలు. పని ఆగినా, ఒళ్ళు చెడినా అటువంటివారికి మిగిలేది అరుగు మాత్రమే.

ఐదు లక్షలు దాటిన నగరాల్లో లక్ష జనాభాకు ఒక రాత్రి బస ఉండాలని 2010లో సర్వోన్నత న్యాయస్థానం ఆదేశించింది. అయితే బస ఉన్నంత మాత్రాన చాలదు. అక్కడికి చేయి పట్టి తీసుకుపోయే సమరయుడు కావాలి. జబ్బుతో పడి ఉన్నవాని కోసం 108కి ఫోను చేయడం ఈనాటి వాహనసేవ. దిక్కులేని వృద్ధుల సంగతి 14567 సహాయవాణికి తెలుపవచ్చు. వండిన అన్నం, చలికి దుప్పటి ఇవ్వడం ఏ ఇంటికీ భారం కాదు.

కాని వీటన్నిటికంటె ముందు చేయవలసినది ఒకటున్నది. వచ్చే ఆదివారం గుడికి వెళ్ళేటప్పుడు ఆ అరుగు దగ్గర ఒక్క నిమిషం ఆగండి. దొన్నె క్రింద పెట్టి రాకుండా, చేతికి ఇవ్వండి. "అయ్యా, మీ పేరేమిటి? మీదే ఊరు?" అని అడగండి. మీ బిడ్డలను ప్రక్కన నిలుపుకొని అడగండి. దయ అంటే ఏమిటో వారికి వేరే పాఠం చెప్పనవసరం ఉండదు.

ఆ పై ఆదివారం మళ్ళీ వెళ్ళి, అతనిని పేరుతో పిలవండి. అతడు తల ఎత్తి చూచిన ఆ చూపులో, గర్భాలయంలో మీరు దర్శించుకొనే స్వామియే మిమ్మల్ని దర్శిస్తాడు.